ప్లేరైట్‌తో ఏడాదిన్నర: వెయిటింగ్ బాధ తీరింది, మిగతావి మన మెడకే

ముందే చెప్పేస్తున్నా, నేను అమీర్‌పేట బ్యాచ్. మైత్రీవనం దగ్గర సందులో, పక్క గదిలో చెప్పే ఒరాకిల్ క్లాసు కూడా ఫ్రీగా వినిపించే చోట, సెలీనియం విత్ జావా (వెబ్‌సైట్లని ఆటోమేటిగ్గా టెస్ట్ చేసే పాత టూల్, జావా భాషలో) నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. పదకొండేళ్లు దాని మీదే బతికాను. అందుకే అదే పని చేసే కొత్త టూల్ ప్లేరైట్ గురించి నాలుగు మంచి మాటలు రాస్తుంటే పుట్టింటివాళ్ల మీద చాడీలు చెప్తున్నట్టు కొంచెం గిల్టీగానే ఉంది. అయినా ఏడాదిన్నర వాడాక చెప్పకపోతే ఎలా.

మాది నలుగురి టీమ్. ఇద్దరు డెవలపర్లు, ఒక డిజైనర్, టెస్టింగ్‌కి నేనొక్కదాన్నే. చేసేది కడియం వైపు ఒక నర్సరీకి హోల్‌సేల్ ఆర్డర్ల సైట్. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల సంగతి తెలిసిందే కదా, మొక్కలు లారీలెక్కి వేరే రాష్ట్రాలకు కూడా పోతాయి. ఒక్కో ఆర్డరు 200 మందారాలు, 500 నందివర్ధనాలు లెక్కన ఉంటుంది. స్టాకు, కవరు సైజు, లోడింగ్ తేదీ, అడ్వాన్సు పేమెంటు, ఇంతే సైటు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. చూస్తే రెండు నెలల పని అనిపిస్తుంది, మేమూ అలాగే అనుకుని కొటేషన్ ఇచ్చాం.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ప్లేరైట్ అంటే బ్రౌజర్‌ని మనిషిలా నడిపించి సైటు సరిగా ఉందో లేదో చూసే టూల్. మైక్రోసాఫ్ట్ వాళ్లది, 2020 జనవరిలో బయటికి వచ్చింది, అంతకుముందు గూగుల్‌లో పపెటీర్ అనే ఇలాంటి టూలే చేసినవాళ్లలో కొందరు అటు వెళ్లి చేశారు. అపాచీ 2.0 లైసెన్సు, పైసా కట్టక్కర్లేదు. క్రోమియం (క్రోమ్‌కి మూలం), ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ (సఫారీ ఇంజిన్) మూడింటిలోనూ ఒకే స్క్రిప్టు నడుస్తుంది. సెలీనియం దీనికి పెద్దన్నలాంటిది, 2004లో థాట్‌వర్క్స్‌లో పుట్టింది. అప్పట్లో పోటీ కంపెనీ పేరు మెర్క్యురీ, పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని జోకేసి ఆ పేరు పెట్టారట. మా ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల్లో ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు, చెప్పుంటే కనీసం ఆ రోజు నిద్ర రాకుండా ఉండేది.

ఇక అసలు విషయానికొస్తే, దీనికి నేను మార్కులేసేది ముందుగా వెయిటింగ్ దగ్గర. వెబ్‌సైట్ టెస్టింగ్‌లో సగం ఏడుపు ఇదే. పేజీ ఇంకా లోడ్ అవుతుంటుంది, స్క్రిప్టు వెళ్లి లేని బటన్ నొక్కుతుంది, ఫెయిల్. దానికి మేం ఏం చేసేవాళ్లమంటే ప్రతి లైను మధ్యలో స్లీప్ పెట్టేవాళ్లం, ఇక్కడ మూడు సెకన్లు, అక్కడ ఐదు సెకన్లు, నెట్ స్లోగా ఉంటే ఎందుకైనా మంచిదని పది. అలా 140 టెస్టులు నడవడానికి గంటన్నర పట్టేది, అందులో చాలా భాగం ఊరికే కూర్చోవడమే. సెలీనియంలో ఎక్స్‌ప్లిసిట్ వెయిట్, అంటే ఫలానాది కనబడేదాకా ఆగు అని, రాసుకుంటే ఈ బాధ ఉండదని తెలుసు, కానీ శుక్రవారం రిలీజ్ పెట్టుకుని గురువారం రాత్రి ఎవరు రాస్తారండీ. ప్లేరైట్‌లో నొక్కు అంటే చాలు, ఆ బటన్ కనబడుతోందా, కదలకుండా ఆగిందా, ఎనేబుల్ అయిందా, దాని మీద ఇంకేదైనా పరుచుకుని ఉందా అన్నీ అదే చూసుకుని అప్పుడు నొక్కుతుంది. ఫలానా మాట కనబడాలి అని మనం రాస్తే మామూలుగా ఐదు సెకన్ల దాకా మళ్లీ మళ్లీ చూస్తుంది, రాకపోతేనే ఫెయిల్. టెస్టులు మార్చి రాశాక మా గంటన్నర కాస్తా పద్నాలుగు నిమిషాలైంది. ఒకేసారి నాలుగు బ్రౌజర్లు నడపడం వల్ల కొంత, స్లీపులు పోవడం వల్ల ఎక్కువ.

ఇందులో కూడా ఒక మెలిక ఉంది. ఇప్పటి సైట్లు చాలావరకు సర్వర్ నుంచి పేజీని తయారుగా పంపించి, వెనకాలే జావాస్క్రిప్టు తెచ్చి తగిలిస్తాయి. ఆ మధ్యలో బటన్ కనబడుతుంది, ఎనేబుల్ అయినట్టే ఉంటుంది, నొక్కితే ఏమీ జరగదు, ఎందుకంటే దాని వెనక పని ఇంకా రాలేదు. ప్లేరైట్ ఠక్కున నొక్కేస్తుంది, ఆ నొక్కుడు గాల్లో కలిసిపోతుంది. మొదట్లో దీన్ని టూల్ తప్పనుకుని రెండు రోజులు తిట్టుకున్నా. తప్పు మా సైటుదే, స్లో ఫోన్‌లో మనిషి నొక్కినా అదే జరుగుతుంది. పని తగులుకునేదాకా బటన్‌ని డిసేబుల్ చేసి ఉంచమని డెవలపర్‌తో మార్పించాక ఆ గొడవ పోయింది.

రెండోది ట్రేస్ వ్యూయర్. మా చిన్న డెవలపర్ మంచోడే, కానీ ఏ బగ్ రైజ్ చేసినా "అక్కా, నా మెషీన్‌లో బాగానే ఉంది కదా" అంటాడు. ఇదివరకు స్క్రీన్‌షాట్ పంపేదాన్ని, వీడియో తీసి పంపేదాన్ని, అయినా నమ్మేవాడు కాదు. ఇప్పుడు ట్రేస్ ఫైల్ పంపిస్తా. అందులో ప్రతి అడుగుకీ ముందు పేజీ ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఆ టైములో సర్వర్‌కి ఏం అడిగింది, సర్వర్ ఏం చెప్పింది, కన్సోల్‌లో ఏ ఎర్రర్ పడింది అన్నీ వరసగా ఉంటాయి. టేపు వెనక్కి తిప్పి చూసుకున్నట్టే. ఇప్పుడు "అక్కా, చూస్తా" అంటాడు, అదే పెద్ద మార్పు. ఒక్క జాగ్రత్త, ఆ ఫైల్‌లో టైప్ చేసిన పాస్‌వర్డులు, లాగిన్ టోకెన్లు కూడా ఉండిపోతాయి, కాబట్టి కనబడ్డ గ్రూపులో పడేయకండి.

బటన్‌ని ఎలా వెతకాలి అన్నదాంట్లో కూడా మంచి అలవాటు నేర్పుతుంది. ఇదివరకు మూడో డబ్బాలో రెండో స్పాన్ అని ఎక్స్‌పాత్, అంటే పేజీలో అది ఎక్కడుందో దారి, రాసేవాళ్లం, డిజైనర్ ఒక గీత జరిపితే ముప్పై టెస్టులు ఎర్రగా పడేవి. ఇందులో "బటన్, దాని పేరు ఆర్డర్ పెట్టండి" అని రోల్ పెట్టి, అంటే అది పేజీలో చేసే పనిని బట్టి, వెతకమంటారు. అలా వెతికితే మా సైటులో సగం బటన్లు దొరకలేదు. అవి బటన్లే కావు, రంగేసిన డబ్బాలు. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వస్తే వాళ్లకీ దొరకవన్నమాట. టెస్టు కోసం మొదలెట్టి ఇది సరిచేశాం, మా ఇద్దరు డెవలపర్లూ నన్ను కొన్నాళ్లు తిట్టుకున్నారు.

ఇంతవరకు పొగడ్త. ఇప్పుడు టూల్ ఎక్కడిదాకా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చెప్పాలి, నాకు ఈ రివ్యూ రాయాలనిపించింది దానికే.

రాత్రి రెండు గంటలకి మా టెస్టులన్నీ ఆటోమేటిగ్గా నడిచేలా పెట్టాం. లోడింగ్ తేదీ టెస్టు రోజూ ఫెయిల్. పొద్దున ఆఫీసుకొచ్చి నడిపితే పాస్. వారం రోజులు ఇదే తంతు. ఫ్లేకీ టెస్టు, అంటే ఒకసారి పాస్ ఒకసారి ఫెయిల్ అయ్యే రకం అని పేరు పెట్టి పక్కన పడేశాం. గూగుల్ వాళ్లే 2016లో తమ టెస్టుల్లో దాదాపు 16 శాతం ఎంతోకొంత ఫ్లేకీ అని రాశారు, మనమెంత అని సర్దిచెప్పుకున్నాం. ఈలోపు నర్సరీ ఆయన ఫోన్. ఆయన నాలుగున్నరకే లేచి కాఫీ తాగుతూ సైటు చూసుకుంటారు. "ఏమండీ, పొద్దున్నే చూస్తే లోడింగ్‌కి ఇవాళ్టి తేదీ తీసుకుంటోందండి, రేపటి నుంచి కదండీ ఉండాలి, తెల్లారాక దానంతటదే సర్దుకుంటోంది" అన్నారు. అప్పుడు వెలిగింది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక టైములో ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి నుంచి పొద్దున ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. టెస్టు వారం నుంచి నెత్తీ నోరూ బాదుకుంటూ నిజమే చెప్తోంది, వినలేదు మేం. ప్లేరైట్‌లో బ్రౌజర్ టైమ్‌జోన్‌ని కోల్‌కతా (ఇండియా టైము) అని పెట్టుకోవచ్చు, 2024లో వచ్చిన 1.45 వెర్షన్ నుంచి బ్రౌజర్ గడియారాన్నే మనకి కావలసిన టైముకి తిప్పి టెస్ట్ చేసుకోవచ్చు, చాలా బాగుంటుంది. కానీ అది బ్రౌజర్ వరకే, వెనక సర్వర్ ఏ కాలంలో బతుకుతోందో మనమే చూసుకోవాలి.

అంకెల దగ్గరా ఇంతే. ఏమీ చెప్పకపోతే ప్లేరైట్ తన బ్రౌజర్‌ని అమెరికా ఇంగ్లీషు లొకేల్‌తో (భాష, ప్రాంతం సెట్టింగు) తెరుస్తుంది. మా సైటేమో బ్రౌజర్ లొకేల్ చూసి అంకెలకి కామాలు పెడుతుంది. టెస్టుల్లో 120,000 అని పడుతోంది, నర్సరీవాళ్లకి కనబడాల్సింది 1,20,000. సెట్టింగు మార్చి టెస్టు పాస్ చేయించడం ఒక్క లైను పని. కానీ ఫోన్ ఇంగ్లీషు యూఎస్‌లో పెట్టుకున్న కస్టమరుకి కూడా అమెరికా కామాలే పడతాయి కదా అని నాకు తట్టింది రెండు రోజుల తర్వాత, స్నానం చేస్తుంటే. అప్పుడు సైటులోనే ఇండియా లెక్క ఖాయం చేశాం.

తెలుగు సంగతి వేరే చెప్పాలి, దీని గురించి ఎక్కడా ఎవరూ రాయరు. క్రోటన్ అన్న మొక్క పేరు టెస్టులో ఫెయిల్. రావాల్సింది క్రోటన్, వచ్చింది క్రోటన్, రిపోర్టులో రెండూ పక్కపక్కనే అచ్చం ఒకేలా ఉన్నాయి. పిచ్చెక్కింది. సంగతేమిటంటే పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు, సాఫ్ట్‌వేర్, బోగన్‌విల్లియా లాంటి మాటల్లో కింద వత్తు పడకుండా విడదీసేది అదే. డేటా ఎంట్రీ చేసినవాళ్లు ఎక్కడినుంచో కాపీ చేస్తే మాట చివర కూడా అది అంటుకుని వచ్చింది. ప్లేరైట్ టెక్స్ట్ పోల్చేటప్పుడు ఎక్కువ తక్కువ స్పేసుల్ని పట్టించుకోదు గానీ దీన్ని పట్టించుకుంటుంది, పట్టించుకోవాలి కూడా. ఎందుకంటే కస్టమరు సెర్చ్‌లో మామూలుగా క్రోటన్ అని కొడితే మా సైటు ఆ మొక్కే లేదంది. స్టాకులో 3,000 ఉన్నాయి.

ఇంకోటి, షాపు పేరుకి మా డెవలపర్ 20 అక్షరాల పరిమితి పెట్టాడు. కంప్యూటర్ లెక్కలో శ్రీ అంటేనే నాలుగు, శ ఒకటి, పొల్లు ఒకటి, ర ఒకటి, గుడి దీర్ఘం ఒకటి. శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర నర్సరీ అని ఎవరైనా కొడితే వేంకటేశ దగ్గర ఆగిపోతుంది. దేవుడి పేరు సగంలో కోసేస్తే ఊరుకుంటారా. ఇది నా టెస్టులేవీ పట్టుకోలేదు, ఎందుకంటే నేను పెట్టిన టెస్టు పేర్లన్నీ టెస్ట్ వన్, టెస్ట్ టూ.

ఆర్డర్ రద్దు అన్న బటన్‌లో కిందికి వచ్చే ద వత్తు కోసుకుపోయి ఆర్డర్ రదు అని కనబడేది. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే ఎత్తు పెట్టారు, మన వత్తులు కిందికి దిగుతాయన్న ఆలోచన లేదు. టెస్టు మాత్రం పచ్చగా పాస్, పేజీ లోపల రాసి ఉన్నది రద్దు అనే కదా. దీనికి ప్లేరైట్‌లో స్క్రీన్‌షాట్ పోల్చే సదుపాయం ఉంది, మంచిదే, కానీ మొదటి బొమ్మ మనిషి కళ్లతో చూసి ఓకే అనాలి. రదు ఉన్న బొమ్మనే నేను ఓకే అనేసి పెట్టుకున్నా, అది ప్రతి రోజూ రదు జాగ్రత్తగా ఉందో లేదో చూసిపెట్టింది. పైగా నా లాప్‌టాప్‌లో తీసిన బొమ్మకీ సర్వర్‌లో తీసినదానికీ ఫాంటు తేడాలొస్తాయి, మా సర్వర్‌లో అసలు తెలుగు ఫాంటే లేక మొదటి రోజు అన్నీ డబ్బాలు. నోటో తెలుగు ఫాంటు ఎక్కించి, బొమ్మలన్నీ సర్వర్‌లోనే తీయడం మొదలెట్టాక కుదుటపడింది.

అన్నింటికంటే ఖరీదైనది ఇది. ఇందాక పొగిడానే, బటన్ రెడీ అయ్యేదాకా ఓపిగ్గా ఆగుతుంది అని, ఆ ఓపికే ఒకసారి కొంప ముంచింది. ఆర్డర్ పెట్టండి అని నొక్కాక మా సైటు నాలుగు సెకన్లు తీసుకునేది, ఏ చక్రమూ తిరిగేది కాదు. టెస్టు నాలుగు సెకన్లు ఆగి, ఆర్డర్ వచ్చిందని చూసి పాస్ అనేది. మనిషి ఆగడు కదా. లోడ్ దగ్గర నిలబడి, ఎండలో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌లో నొక్కిన కస్టమరు ఒకరు ఏమీ కాలేదనుకుని మూడుసార్లు నొక్కారు. 500 నందివర్ధనాలు మూడు ఆర్డర్లు. "నేనొక్కటే పెట్టానండి, మూడని మెసేజ్ వచ్చిందేంటండి" అని ఆయన నర్సరీకి ఫోన్ చేసే సరికే రెండో లారీకి మొక్కలు సర్దడం మొదలైంది. దీంట్లో ప్లేరైట్ తప్పేం లేదు. రెండుసార్లు నొక్కి చూడమని నేను అడగలేదు, అది చూడలేదు. ఇప్పుడు నెట్‌వర్క్ జవాబుని కావాలని ఆలస్యం చేసి, టకటకా మూడుసార్లు నొక్కి, ఆర్డరు ఒక్కటే పడిందా అని చూసే టెస్టు ఉంది. అలా సర్వర్ జవాబుని మధ్యలో ఆపి ఆడించడం ఇందులో భలే తేలిక, అది వేరే సంగతి.

రిట్రైల గురించి కూడా హెచ్చరించాలి. ఫెయిలైతే మళ్లీ రెండు మూడుసార్లు నడుపు అని పెట్టుకోవచ్చు, రెండోసారి పాస్ అయితే ఫ్లేకీ అని పసుపు గుర్తు వేసి వదిలేస్తుంది. రుచి మరిగితే మానలేం. మేం మూడు పెట్టుకుని హాయిగా ఉన్నాం. స్టాకు టెస్టు ఒకటి అప్పుడప్పుడూ పసుపు పడేది, రెండు టెస్టులు ఒకే మొక్క వాడుకుంటున్నాయి కాబట్టి డేటా గొడవ అనుకున్నా. చివరికి చూస్తే నిజం బగ్. మిగిలిన 40 మొక్కల్ని ఇద్దరు ఒకే క్షణంలో ఆర్డర్ చేస్తే ఇద్దరికీ ఇచ్చేస్తోంది, స్టాకు మైనస్ 40. ఇది పట్టుకున్నాక ఒకే టెస్టులో రెండు వేరువేరు లాగిన్లు తెరిచి ఇద్దరు కస్టమర్ల చేత ఒకేసారి నొక్కించా. ప్లేరైట్‌లో అది పది లైన్ల పని. సెలీనియంలో రెండు డ్రైవర్లు (బ్రౌజర్‌ని నడిపేవి) తెరిచి నా తంటాలు నేను పడేదాన్ని.

ఇక మొబైల్. ఫలానా ఫోన్‌లా కనబడు అంటే స్క్రీన్ సైజు, టచ్ అన్నీ ఆ ఫోన్‌లా పెడుతుంది, కానీ అది ఫోన్ కాదు. నిజం ఫోన్‌లో కీబోర్డు పైకి లేచి కింద ఉన్న బటన్‌ని మింగేస్తుంది, ఇందులో కీబోర్డే రాదు. వెబ్‌కిట్‌లో పాస్ అయితే ఐఫోన్ సఫారీలో బాగుంటుందని చాలావరకు నమ్మొచ్చు, పూర్తిగా కాదు, ఇంజిన్ ఒకటే గానీ అదీ ఇదీ ఒకటి కాదు. మా ఆఫీసు డ్రాయర్‌లో పగిలిన స్క్రీన్ ఉన్న మూడేళ్ల నాటి ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, ప్రతి రిలీజ్‌కీ దాన్ని తీసి చేత్తో ఒక ఆర్డరు పెట్టి చూస్తా. ఓటీపీ కూడా అంతే, టెస్ట్ సర్వర్‌లో ఒక ఖాయం నంబరు పెట్టించుకుని దాటాల్సిందే, నిజం ఎస్ఎంఎస్ వస్తోందో లేదో నెలకి రెండుసార్లు నేనే చూసుకుంటా.

నాలాంటి జావా వాళ్లకి ఒక మాట. జావాలోనూ ప్లేరైట్ ఉంది, పైథాన్‌లో ఉంది, డాట్‌నెట్‌లో ఉంది. కానీ దాని సొంత టెస్ట్ రన్నర్ (టెస్టులన్నిటినీ నడిపేది), ఆ హెచ్‌టీఎంఎల్ రిపోర్టు, యూఐ మోడ్ ఇవన్నీ టైప్‌స్క్రిప్టు, జావాస్క్రిప్టు వాళ్లకే. జావాలో అయితే జేయూనిట్, టెస్ట్ఎన్‌జీ లాంటి వేరే రన్నర్లు పెట్టుకుని నడపాలి. నేను నెల రోజులు కూర్చుని టైప్‌స్క్రిప్టు నేర్చుకున్నా, అనుకున్నంత కష్టం కాలేదు, అవెయిట్ (ఈ పని అయ్యేదాకా ఆగు) అన్న మాట మర్చిపోతే వచ్చే చిత్రవిచిత్రమైన ఎర్రర్లు తప్ప. ఇన్‌స్టాల్ చేస్తే బ్రౌజర్లు కూడా దానివే దిగుతాయి, వందల ఎంబీలు, వెర్షన్ మారిస్తే మళ్లీ. హాట్‌స్పాట్ మీద పెట్టకండి. 8 జీబీ లాప్‌టాప్‌లో నాలుగు బ్రౌజర్లు ఒకేసారి నడిపితే ఫ్యాను హెలికాప్టర్‌లా మోగుతుంది.

కోడ్‌జెన్ అని ఒకటుంది, మనం క్లిక్ చేస్తుంటే స్క్రిప్టు అదే రాసేస్తుంది. మొదటి వారం బాగుంటుంది, తర్వాత మీరే ముట్టుకోరు.

ఐదుకి నాలుగున్నర ఇద్దామనుకున్నా, ఆ మూడు ఆర్డర్ల రోజు గుర్తొచ్చి నాలుగు దగ్గర ఆగా, అన్యాయమే అనుకోండి. కొత్తగా మొదలెట్టే సైటైతే ఆలోచించకుండా దీంతోనే మొదలెట్టండి. ఇప్పటికే వెయ్యి సెలీనియం టెస్టులు బాగా నడుస్తుంటే మాత్రం ఊరికే మార్చకండి. మా దగ్గర కూడా అడ్మిన్ వైపువి 30 పాత స్క్రిప్టులు స్లీపులతో సహా అలాగే ఉన్నాయి, రోజూ రాత్రి నెమ్మదిగా నడిచి పాస్ అవుతున్నాయి, వాటి జోలికి నేను పోవట్లేదు.